ప్రార్థన చేసి చెబుతాం: దేవుని చిత్తం అడగడంలో ఉన్న చిక్కుముడులు

చిత్తూరు, తిరుపతి వైపు క్రైస్తవుల ఇళ్ళకు పెళ్ళి సంబంధం మాట్లాడటానికి వెళ్తే తప్పకుండా వినిపించే మాట ఒకటుంది. కాఫీలు తాగడం అయిపోతుంది, అబ్బాయి జీతం, అమ్మాయి చదువు అన్నీ మాటల్లోకి వచ్చేస్తాయి. అప్పుడు ఆ ఇంటి పెద్దాయన గొంతు సవరించుకుని "ప్రార్థన చేసి చెబుతామండీ" అంటాడు. ఈ మాటకు కనీసం మూడు అర్థాలున్నాయి. నిజంగానే మోకాళ్ళూని దేవుణ్ణి అడుగుతామని ఒకటి. ఇంకో రెండు సంబంధాలు చూడాల్సి ఉంది, కాస్త టైమివ్వండని రెండోది. మాకు ఇష్టం లేదు, ముఖం మీద చెప్పలేకపోతున్నామని మూడోది. వారం తర్వాత "ప్రార్థించాం అన్నా, మనసుకు సమాధానం రాలేదు" అని, అంటే నెమ్మది కలగలేదని ఫోన్ వస్తుంది. ఎందుకు రాలేదని అడిగే వీలు ఇక ఉండదు. కులం కలవలేదనో, కట్నం దగ్గర తేడా వచ్చిందనో అంటే వాదించవచ్చు. దేవుడి పేరు చెప్పాక ఎవరు వాదిస్తారు?

ఇలా వాడుకునేవాళ్ళను పక్కన పెడదాం. నిజంగా అడిగేవాళ్ళ ఇబ్బంది వేరు. బీఎస్సీ నర్సింగ్ అయిన అమ్మాయికి ఒకవైపు జర్మనీ ఆఫర్, ఇంకోవైపు మంచం పట్టిన నాన్న. ఇంజనీరింగ్ అయిన అబ్బాయికి శ్రీసిటీలో ఉద్యోగం వచ్చింది గానీ ఆదివారం కూడా షిఫ్టు పడుతుంది. వీళ్ళు శుక్రవారం ఉపవాసం ఉంటారు, పాస్టర్ అయ్యగారితో ప్రార్థన చేయించుకుంటారు, తెల్లవారుజామున లేచి వాక్యం చదువుతారు. జవాబు మాత్రం వినపడదు. జాయినింగ్ డేట్ దగ్గరపడేకొద్దీ టెన్షన్ పెరుగుతుంది. సరిగ్గా వినలేకపోతున్నానా, నాలో ఏదైనా పాపం అడ్డుగా ఉందా అన్న అనుమానం మొదలవుతుంది. నా ఉద్దేశంలో ఈ బాధ చాలావరకు ప్రార్థన చాలక వచ్చేది కాదు. వేరువేరు సంగతులు మూడింటిని "దేవుని చిత్తం" అని ఒకే పేరుతో పిలవడం వల్ల వచ్చింది.

మొదటిది, లోకాన్ని నడిపించడంలో దేవుడు తనలో తాను నిశ్చయించుకున్నది. రేపు ఏం జరుగుతుంది, ఎవరు ఎంతకాలం బతుకుతారు వగైరా. ద్వితీయోపదేశకాండం 29:29 దీని దగ్గర తలుపు వేసేస్తుంది: "రహస్యములు మన దేవుడైన యెహోవాకు చెందును." బయలుపరచినవి మాత్రమే మనవీ, మన పిల్లలవీ. 1525లో పండితుడైన ఎరాస్మస్‌తో వాదిస్తూ సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ పట్టుబట్టి చెప్పింది కూడా ఇదే. మరుగై ఉన్న దేవుడి జోలికి పోవద్దు, వాక్యంలో తన్ను తాను కనపరచుకున్న దేవుణ్ణి పట్టుకోండి అన్నాడు. తిరుపతి కేంద్రంగా నడిచే దక్షిణాంధ్ర లూథరన్ సంఘం వాళ్ళకు ఇది ఇంటి పాఠమే.

రెండోది, దేవుడు మనుషుల నుంచి కోరేది. ఇందులో దాపరికం లేదు. మొదటి థెస్సలొనీకయ పత్రిక 4:3లో "మీరు పరిశుద్ధులగుటయే" దేవుని చిత్తమని సూటిగా ఉంది. అదే పత్రిక 5వ అధ్యాయంలో ఎల్లప్పుడూ సంతోషించడం, ఎడతెగక ప్రార్థించడం, ప్రతి విషయంలో కృతజ్ఞత చెప్పడం, ఇదే మీ విషయంలో దేవుని చిత్తం అని మళ్ళీ ఉంది. న్యాయంగా నడుచుకోవాలని, కనికరాన్ని ప్రేమించాలని మీకా ప్రవక్త చెప్పాడు. ఇవి తెలుసుకోవడానికి ఉపవాసం అక్కర్లేదు, చేయడానికి కావాలేమో. కట్నం పుచ్చుకోవడం దేవుని చిత్తమా కాదా అని ఎవరైనా కన్నీళ్ళతో అడగడం నేను చూడలేదు. 1961 నుంచి చట్టం దాన్ని నేరమంటోంది, న్యాయం సంగతి మీకా అంతకంటే చాలా ముందే చెప్పాడు. మనవాళ్ళు అడిగేదల్లా అబ్బాయి ఎవరన్నదే.

మనం రాత్రంతా మేలుకుని వెతికేది మూడోదాన్ని. ఒక్కో మనిషికీ దేవుడి దగ్గర వివరంగా రాసిన ప్లాన్ ఒకటుందని, అందులో భర్త పేరు, కంపెనీ పేరు, ఇల్లు కట్టాల్సిన సైటు కూడా ఉంటాయని, ప్రార్థనలో దాన్ని కనిపెట్టి తీరాలని, ఒకచోట తప్పితే మిగతా బతుకంతా రెండో రకమేనని చాలామంది నమ్మకం. దీన్ని బైబిల్లో వెతికితే దొరికేది చాలా కొంచెం. అబ్రాహాముకు, మోషేకు, పౌలుకు దేవుడు స్పష్టంగా చెప్పాడు, నిజమే. అయితే మోషే ఏ ఉద్యోగం చేయాలని అడుగుతూ కూర్చోలేదు. మామ మందను మేపుకుంటుంటే పొద మండింది. ఇక మామూలు విశ్వాసి పెళ్ళి విషయానికొస్తే, భర్త పోయిన స్త్రీ "ఆమెకిష్టమైనవానిని పెండ్లిచేసికొనుటకు స్వతంత్రురాలై" ఉందని మొదటి కొరింథీ 7:39లో పౌలు రాశాడు. షరతు ఒక్కటే, ప్రభువునందు చేసుకోవాలి. నీకోసం ఫలానావాణ్ణి దేవుడు పెట్టి ఉంచాడు, వాణ్ణి కనిపెట్టు అని ఆయన రాయలేదు.

ఇక్కడ ఎవరో ఒకరు ఆదికాండం 24 తీస్తారు. ఇస్సాకుకు పిల్లను వెతకడానికి వెళ్ళిన అబ్రాహాము సేవకుడు బావి దగ్గర గుర్తు అడగలేదా? అడిగాడు. ఏం గుర్తు అడిగాడో కూడా చూడాలి. నీళ్ళు అడిగితే నాకివ్వడమే కాక, నా ఒంటెలకు కూడా పెడతానన్న పిల్ల కావాలన్నాడు. ఆయన వెంట ఉన్నవి పది ఒంటెలు, ఎడారి దారిన వచ్చి దాహంగా ఉన్నవి. వాటన్నిటికీ కుండతో తోడిపోసే పిల్లంటే ఒళ్ళు దాచుకోనిది, కొత్తవాళ్ళను ఆదరించేది. గుర్తు పేరుతో ఆ పెద్దాయన గుణం చూశాడు. మన పెళ్ళిచూపుల్లో ఇంత తెలివైన పరీక్ష పెట్టినవాళ్ళు తక్కువ.

అన్ని గుర్తులూ ఇంత తెలివిగా ఉండవు. డిసెంబర్ 31 రాత్రి వాచ్‌నైట్ ఆరాధనకు వెళ్ళి చూడండి. పన్నెండు దాటి హ్యాపీ న్యూ ఇయర్‌లు చెప్పుకున్నాక, బల్ల మీద స్టీలు పళ్ళెంలో వాగ్దానం కార్డులు బోర్లా పెట్టి ఉంటాయి. లైన్లో వచ్చి ఒక్కొక్కరూ ఒకటి తీసుకుంటారు. కొందరు కళ్ళు మూసుకుని తీస్తారు, కొందరు పైదాన్ని వదిలేసి అడుగునున్నదాన్ని లాగుతారు. ట్యూబ్‌లైట్ కిందికెళ్ళి చదువుకుంటారు. దేవుడు మేలే ఉద్దేశించాడని చెప్పే యిర్మీయా 29:11 వచ్చినావిడ ముఖం వెలిగిపోతుంది. శ్రమల్లో ఓర్పు గురించి వచ్చినాయన కార్డు మడిచి జేబులో పెట్టేస్తాడు, ఇంట్లోవాళ్ళకు కూడా చూపించడు. "మీరు పరిశుద్ధులగుటయే దేవుని చిత్తము" అన్న వచనం ఏ కార్డు మీదా అచ్చయినట్టు నాకైతే గుర్తులేదు.

ధైర్యం కోసం ఒక వచనం దగ్గర పెట్టుకుంటే తప్పేమీ లేదు. ఇల్లు అమ్మాలా, పెళ్ళికి ఒప్పుకోవాలా అన్నదాన్ని ఆ కార్డు మీద వేలాడదీసినప్పుడే చిక్కు. తిరుపతివాళ్ళకు డిప్ అంటే, అదే లాటరీ, ఎవరూ చెప్పనక్కర్లేదు. కొండ మీద సేవా టికెట్లకు డిప్ తీయడం న్యాయం. అడిగేవాళ్ళందరూ సమానం, ఒకరిని ఎంచడానికి వేరే కారణం ఉండదు. రెండు ఉద్యోగాల్లో ఒకటి ఎంచుకోవడానికి కారణాలుంటాయి. వాటిని చూడనని డిప్ తీస్తే, దేవుడు ఇచ్చిన బుద్ధిని వద్దన్నట్టే.

ఈ గొడవ మన దగ్గర పుట్టింది కాదు, చాలా పాతది. 386లో మిలాన్‌లో ఒక తోటలో కూర్చుని ఏడుస్తున్న, తర్వాత గొప్ప సంఘ బోధకుడైన అగస్టీన్‌కు "తీసి చదువు" అని ఎవరో పిల్లల గొంతు వినిపించింది. పౌలు పత్రికలు తెరిచాడు, రోమా 13వ అధ్యాయంలోని మాటలు కంటపడ్డాయి, జీవితం మారిపోయింది. ఈ కథ చెప్పి బైబిల్ గుడ్డిగా తెరిచేవాళ్ళు చాలామంది. ఆ అగస్టీనే తర్వాత ఒక ఉత్తరంలో, లోకవ్యవహారాల కోసం సువార్తల పేజీల్లోంచి శకునాలు తీయడం తనకు నచ్చదని రాశాడు. అది కొంచెం తక్కువమందికి తెలుసు. దక్షిణ ఫ్రాన్స్‌లోని ఆగ్డ్‌లో 506లో కూడిన సంఘ పెద్దల సభ ఇలాంటివి చేసేవాళ్ళను వెలివేయాలని తీర్మానించింది. అయినా ఆగలేదు. 18వ శతాబ్దంలో జర్మనీలోని హెర్న్‌హూట్ మొరేవియన్లు అనే క్రైస్తవులు పెళ్ళిళ్ళకు కూడా చీట్లు వేసేవారు. అవును, కాదు, ఖాళీ అని మూడు చీట్లు. ఖాళీ వస్తే ఇంకా సమయం రాలేదని.

వాళ్ళ ప్రభావంలో ఉన్న రోజుల్లో, మెథడిస్టు సంఘాలకు మూలపురుషుడైన జాన్ వెస్లీ చేసింది చదివితే నవ్వొస్తుంది, జాలీ వేస్తుంది. 1737 మార్చిలో అమెరికాలోని జార్జియాలో సోఫీ హాప్కీ అనే అమ్మాయిని చేసుకోవాలా వద్దా అని నలిగిపోయి ఆయన మూడు చీట్లు రాశాడు. పెళ్ళి చేసుకో అని ఒకటి, ఈ సంవత్సరం ఆలోచించకు అని ఒకటి, ఇక ఎప్పటికీ ఆలోచించకు అని ఒకటి. మూడోది వచ్చింది. కొద్దిరోజులకే ఆమె ఇంకొకరిని పెళ్ళాడింది. దేవుడే వద్దన్నాడని చీటీ తీసి తేల్చుకున్న మనిషి మనసు మాత్రం తేలలేదు. కొన్ని నెలలకు ఆమెకు ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం) ఇవ్వనన్నాడు, కోర్టు గొడవైంది, ఆ ఏడాది డిసెంబర్‌లో జార్జియా వదిలి వెళ్ళిపోయాడు. అదే వెస్లీ 1750లో అచ్చయిన ప్రసంగంలో వేరే దారి చెప్పాడు. దేవుని చిత్తం మన పరిశుద్ధతే. ఫలానా పని దానికి తోడ్పడుతుందా లేదా అన్నది వాక్యంతో, అనుభవంతో, బుద్ధితో తూచి తెలుసుకోమన్నాడు.

దేవుణ్ణి గుర్తు అడుగుతూ గిద్యోను నేల మీద ఉన్ని పరిచిన సంగతి కూడా ఇంతే. ఏం చేయాలో దేవుడు అతనికి ముందే చెప్పేశాడు. ఉన్ని పరుస్తూ "నువ్వు చెప్పినట్టు" అని అతనే ఒప్పుకున్నాడు, రెండోసారి అడుగుతూ కోపగించుకోవద్దని బతిమాలుకున్నాడు. అది భయస్తుడి మీద దేవుడు చూపిన ఓర్పు. దాన్ని మనం పద్ధతిగా మార్చేశాం.

గుర్తులు వద్దనుకున్నవాళ్ళు మనసును నమ్ముకుంటారు. మనసులో సమాధానం ఉంటే దేవుని చిత్తం, లేకపోతే కాదు. ద్వారం తెరుచుకుంటే వెళ్ళు, మూసుకుంటే ఆగు. వినడానికి బాగుంటుంది. యోనాను ఈ కొలతతో కొలవండి. నీనెవెకు పొమ్మంటే పారిపోతూ యొప్పేకు వచ్చాడు, తర్షీషు ఓడ సిద్ధంగా ఉంది, చేతిలో డబ్బుంది, టికెట్ దొరికింది. ద్వారాలన్నీ తెరిచే ఉన్నాయి. తుపాను కొడుతుంటే ఓడ అడుగున గాఢనిద్ర పోయాడు, అంత ప్రశాంతత. ఇంకోవైపు, సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు చెమట రక్తబిందువుల్లా నేల మీద పడింది. పూర్తిగా తండ్రి చిత్తంలో ఉన్నది ఆయన, నిద్రపోయింది యోనా.

అలాగని మనసుకు విలువే లేదని కాదు. రెండో కొరింథీ 2వ అధ్యాయంలో త్రోయలో తనకు ద్వారం తెరుచుకుందని, తన తోటి పనివాడు తీతు కనబడక మనసుకు నెమ్మది లేనందున మాసిదోనియకు వెళ్ళిపోయానని పౌలు రాశాడు. తెరిచిన తలుపును వదిలేశాడు, దాన్ని పాపంగా లెక్కపెట్టలేదు. మనసును చదవడంలో నాకు నమ్మకంగా అనిపించేది జెసూట్ సంఘాన్ని స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా పద్ధతి. విజయవాడలోని కాలేజీకి ఉన్న పేరు ఆయనదే. 1521లో పాంప్లోనా యుద్ధంలో కాలు విరిగి మంచాన పడ్డప్పుడు ఆయన ఒక తేడా గమనించాడు. వీరుల గాథలు ఊహించుకుంటే అప్పటికి బాగుండేది, తర్వాత వెలితిగా ఉండేది. పునీతుల జీవితాలు తలుచుకుంటే ఆ సంతోషం నిలిచేది. ఈ నిమిషంలో మనసెలా ఉందనేదాని కన్నా, ఒక ఆలోచన కొన్నాళ్ళకు మనల్ని ఎక్కడికి చేరుస్తుందనేది చూడాలన్నాడు. ఆయన నియమం ఒకటి ప్రతి ప్రార్థన గదిలో రాసిపెట్టుకోదగ్గది: మనసు కుంగి ఉన్నప్పుడు, ముందు తీసుకున్న మంచి నిర్ణయాన్ని మార్చొద్దు.

ప్రవచనాల గురించి ఎక్కువ చెప్పను. "దేవుడు నాతో మాట్లాడాడు, నీకు ఈ సంబంధమే" అని ఒక దైవజనుడు అంటే, మొదటి రాజుల గ్రంథం 13వ అధ్యాయం చదువుకోండి. యూదా నుంచి వచ్చిన దైవజనుడికి బేతేలులో ఏమీ తినవద్దని, తాగవద్దని దేవుడే చెప్పాడు. దేవదూత నాతో చెప్పాడని ఒక ముసలి ప్రవక్త అబద్ధమాడి ఇంటికి తీసుకెళ్ళి అన్నం పెట్టాడు. తిరుగుదారిలో సింహం చంపింది ఆ అన్నం తిన్నవాణ్ణి. ప్రవచనాన్ని నిర్లక్ష్యం చేయవద్దన్న పౌలే వెంటనే సమస్తాన్నీ పరీక్షించమన్నాడు. ఇంకా దారుణం, బాగుపడతావని ప్రవచనం వచ్చిందని షుగరు మాత్రలు ఆపేయడం. జబ్బుపడిన హిజ్కియా రాజుకు బతుకుతావని దేవుడే మాటిచ్చాక కూడా యెషయా ప్రవక్త అంజూరపు పళ్ళ ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు.

మరి దేవుడు నిజంగా నడిపించినప్పుడు ఎలా ఉంటుంది? అపొస్తలుల కార్యాలు 16లో పౌలు బృందం ఆసియకు వెళ్దామనుకుంటే కుదరలేదు, బితూనియ వైపు పోతే ఆత్మ వెళ్ళనివ్వలేదు. త్రోయ దాకా నడిచారు. ఆ రాత్రి మాసిదోనియ మనిషి పిలుస్తున్నట్టు పౌలుకు దర్శనం. అంత స్పష్టమైన దర్శనం తర్వాత కూడా "దేవుడు మమ్మును పిలిచియున్నాడని మేము నిశ్చయించుకొని" అని లూకా రాశాడు. దర్శనం ఒకరికొచ్చింది, నిశ్చయించుకున్నది అందరూ. ఆ దర్శనం కూడా కదలకుండా కూర్చున్నవాళ్ళకు రాలేదు.

మనకు దగ్గర ఉదాహరణ వేలూరు. చిత్తూరు నుంచి సుమారు 35 కిలోమీటర్లు. ఈ జిల్లాలో అక్కడి సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆసుపత్రి మెట్లెక్కని కుటుంబం తక్కువ. దాన్ని మొదలుపెట్టిన ఐడా స్కడర్ 1870లో రాణిపేటలో పుట్టింది, ఆర్కాటు మిషన్ డాక్టర్ల ఇంటి పిల్ల. మిషనరీ బతుకు తనకొద్దని గట్టిగా అనుకున్న మనిషి. తల్లికి బాగాలేదని తిండివనం వచ్చినప్పుడు ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, ప్రసవం కష్టమైన తమ భార్యలను చూడమని వేడుకున్నారు. మగ డాక్టరైన ఆమె తండ్రిని పంపుతానంటే ఒప్పుకోలేదు. ఆమెకు వైద్యం రాదు. తెల్లారేసరికి ఆ ముగ్గురు భార్యలూ చనిపోయారు. ఆకాశవాణి ఏదీ వినిపించలేదు. వినిపించింది తలుపు తట్టిన చప్పుడు, తర్వాత చావు కబుర్లు. దాన్నే ఆమె పిలుపుగా తీసుకుంది. అమెరికా వెళ్ళి 1899లో డాక్టరై, మరుసటి ఏడాది తిరిగొచ్చింది. వైద్య పాఠశాల 1918లో మొదలైంది. దేవుని చిత్తం తెలియడానికి ఒక రాత్రి పట్టింది, చేయడానికి జీవితం పట్టింది. మనవాళ్ళు ఎక్కువగా ఆ రాత్రి గురించే సాక్ష్యం చెబుతారు, మధ్యలో అనాటమీ పరీక్షల సంగతి ఎత్తరు.

అయితే ప్రార్థన దేనికి అన్న ప్రశ్న వస్తుంది. గెత్సేమనే ప్రార్థనలో వరసను గమనించండి. "సాధ్యమైతే ఈ గిన్నె నాయొద్దనుండి తొలగిపోనిమ్ము" అన్నది ముందు. "నీ చిత్తప్రకారమే కానిమ్ము" అన్నది తర్వాత. ఇలా మూడుసార్లు ప్రార్థించాడు. ఏం జరగబోతోందో ఆయనకు ముందే తెలుసు, శిష్యులకు చెప్పాడు కూడా. కొత్త సమాచారం కోసం అడిగిన ప్రార్థన కాదది. తన కోరికను దాచకుండా తండ్రి ముందు పెట్టి, ఆ కోరికతోనే లోబడటం. మనం తలకిందులుగా చేస్తాం. మనసులో జర్మనీ టికెట్ బుక్ చేసేసుకుని, నోటితో "నాకే ఇష్టమూ లేదు ప్రభువా, నీ ఇష్టమే" అంటాం. ఇంగ్లండులోని బ్రిస్టల్ ఊళ్ళో అనాథాశ్రమాలు నడిపిన జార్జ్ ముల్లర్, ఏ విషయంలోనైనా ముందు తన మనసుకు సొంత ఇష్టం లేని స్థితికి రావడానికి ప్రయత్నిస్తానని చెప్పేవాడు. గొప్ప మాటే. మనబోటివాళ్ళు అక్కడికి చేరాలంటే ముందు ఆ ఇష్టం ఏమిటో పైకి చెప్పుకోవాలి.

ఆ నర్సు అమ్మాయి అలా చెప్పుకుందనుకుందాం: ప్రభువా, నాకు వెళ్ళాలనుంది, నాన్నను వదలాలంటే భయంగా ఉంది, ఇంట్లో అప్పు చూస్తే సిగ్గుగా ఉంది. అక్కడితో ప్రార్థన సగం పని చేసినట్టే. ఏది కోరికో, ఏది భయమో, ఏది బాధ్యతో విడివిడిగా కనపడతాయి. మిగతా సగం లేచి చేయాల్సింది. ఏజెన్సీ ఎంత తీసుకుంటోంది, బాండ్ ఎన్నేళ్ళు, జర్మన్ భాష పరీక్ష ఎక్కడిదాకా పాసవ్వాలి, నాన్నను ఎవరు చూస్తారు, తమ్ముడు నిజంగా చూస్తాడా లేక మాటవరసకు అన్నాడా. ఇవి కనుక్కోవడం అవిశ్వాసం కాదు. జ్ఞానం కొదువగా ఉంటే అడగమన్నాడు యాకోబు, అడిగితే వచ్చేది జ్ఞానమే, వీసా లెటర్ కాదు. సలహా అడిగేటప్పుడు ఒక్కటి చూసుకోవాలి, అవతలి మనిషికి ఇందులో కమీషన్ గానీ కానుక గానీ ఉందా అని. లేనివాళ్ళు ఇద్దరు ముగ్గురు దొరికితే చాలు, దర్శనాలు లేకపోయినా పరవాలేదు. రెండు దారులూ మంచివే అయితే, ఇష్టమైనదాన్ని ఎంచుకునే స్వేచ్ఛ ఆమెకుంది. పౌలు వితంతువుకు ఇచ్చిన స్వేచ్ఛ లాంటిదే. "ప్రభువు చిత్తమైతే" అన్న మాట యాకోబు పత్రికలో ప్రయాణానికీ వ్యాపారానికీ ప్లాన్ వేసుకునేవాళ్ళకు చెప్పింది. ప్లాన్ వేయొద్దనలేదు, రేపు మీ చేతిలో ఉన్నట్టు మాట్లాడొద్దన్నాడు.

ఇంతా చేసి తప్పు దారి అయితే? ఈ భయమే అసలు కాళ్ళు కట్టేస్తుంది. అందరితో ప్రార్థన చేయించుకుని చేసుకున్న పెళ్ళి నరకమైతే, దేవుని చిత్తమని తెలిసి చేసుకున్నావు కదా, భరించు అంటారు బంధువులు. దెబ్బలు తినమని చెప్పే చిత్తం బైబిల్లో లేదు. పొరపాటున ఇష్టంలేని ఊళ్ళో, ఇష్టంలేని ఉద్యోగంలో పడ్డవాళ్ళేమో దేవుడి ప్లాన్ చేజారిందని, ఇక తమకు మిగిలింది ఏమీ లేదని దిగులు పడతారు. కార్డుల మీద ఎక్కువగా అచ్చయ్యే ఆ యిర్మీయా 29:11 ఎవరికి రాసిందో వాళ్ళు చూడాలి. యూదులు సొంత తప్పుల వల్ల బబులోనుకు చెరపట్టబడి పోయారు. త్వరలో తిరిగొచ్చేస్తారని ప్రవక్తలు కొందరు ఊరిస్తున్నారు. యెరూషలేము నుంచి యిర్మీయా వాళ్ళకు ఉత్తరం రాసి, డెబ్బై ఏళ్ళు పడుతుందని చెప్పాడు. అంటే చదివినవాళ్ళలో చాలామంది తిరిగి రారు. నేను మీ గురించి ఉద్దేశించిన సంగతులు నేనెరుగుదునని దేవుడు అన్నది వాళ్ళతో. దానికి పైన అయిదో వచనం నుంచి ఏడో వచనం దాకా ఏం చేయాలో ఉంది: ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటి వాటి పళ్ళు తినండి, పిల్లలకు పెళ్ళిళ్ళు చేయండి, మిమ్మల్ని తీసుకెళ్ళిన ఆ ఊరి క్షేమం కోసమే ప్రార్థించండి.